పిడికెడు అటుకులు – మితాహార ధర్మము

గడచిన ధనుర్మాసమున మా పత్తికొండలో తిరుప్పావై గోష్ఠి ముగిసి ప్రసాద వినియోగము జరుగుచున్న వేళ, ఒక యువకుడు చక్కెరపొంగలి దొన్నెను చేతబట్టుకొని నా యొద్దకు వచ్చెను. కూర్చుండి చేయు ఉద్యోగము అతనిది, శరీరము స్థూలము. "స్వామీ, వైద్యులు నన్ను బరువు తగ్గుమనినారు. తీపి, నెయ్యి తగ్గించుమనినారు. పెరుమాళ్ల ప్రసాదమును వద్దనుట అపచారము గదా? అదియునుగాక, నశించిపోవు ఈ దేహమును గూర్చి ఇంత చింత పెట్టుకొనుట దేహాత్మభ్రమ కాదా? నేనేమి చేయవలెను?" అని అడిగెను.

అప్పటికప్పుడు నాలుగు మాటలు చెప్పి పంపితిని గాని, ఆ సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఏలయన, ఆ ప్రశ్న అతనిది మాత్రమే కాదు, నాదియును. దానికి నేను వెదకికొన్న సమాధానమును, నేను పడిన పొరపాటుతో సహా, ఆస్తిక మహాశయుల యెదుట ఉంచుచున్నాను.

సీమలో అన్నము

మన సీమవారికి అన్నము సామాన్య వస్తువు కాదు. 1876–78 సంవత్సరముల నాటి ధాత కరువును గూర్చి తరతరములుగా చెప్పుకొనుచునే యున్నాము. వాన ముఖము చాటుచేసిన ఏటేటా ఆ భయము మరల మేల్కొనును. అట్టి చోట నిండైన దేహము కలిమికి గుర్తు; "చిక్కిపోయినావేమి నాయనా" అనుట ప్రేమకు గుర్తు. ఇల్లాలు వద్దన్నను రెండవమారు వడ్డించుటలో ఆమె చేయి మాత్రమే లేదు, ఆమె అవ్వల నాటి ఆకలి కూడ ఉన్నది. దానిని ఎవరును పరిహసింపరాదు.

అయినను కాలము మారినది. మా తాతల నాడు జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంగటి దినభోజనము. వరియన్నము పండుగ భోజనము. 1983లో కిలో 2 రూపాయల బియ్యపు పథకము వచ్చి పేదల కడుపు నింపినది. అది పుణ్యకార్యమే; అందు సందేహము లేదు. కాని క్రమముగా అన్ని యిండ్లలోను వరియన్నమే మూడు పూటల ఆహారమయ్యెను. అదే కాలమున బావి నీటిని మోటారు తోడిపెట్టుట, పిండిని యంత్రము విసరుట, వీధి చివరకు కూడ వాహనముపై పోవుట అలవాటైనది. తినుట పెరిగినది, తిరుగుట తరిగినది. భారత వైద్య పరిశోధన మండలి ఆదరమున జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము, మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదనియు, పెద్దవారిలో నూటికి దాదాపు 40 మందికి ఉదరము మితిమీరి పెరిగినదనియు తెలిపినది. మనదేశపు పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో అది హెచ్చరిక యని వైద్యులు చెప్పుదురు.

నా పొరపాటు

పాఠశాలలో చదువుకొను దినములలో నేను వారములు చేసికొని భుజించినవాడను. తెల్లవారుజామున లేచి నీరు తోడుట, నాలుగు వీధులు నడచి ఆ నాటి యింటికి పోవుట, పెట్టినది తినుట — అంతే. ఉద్యోగవిరమణ తరువాత కూర్చుండుట నా వృత్తియయ్యెను. ఉపన్యాసములు, వ్రతములు, విందులు వెంట వచ్చినవి. అరువది మూడవ యేట తూచుకొనగా బరువు 86 కిలోలు, నడుము 104 సెంటీమీటర్లు. మధుమేహము అప్పటికే ఉన్నది. వైద్యుడు నెమ్మదిగా తగ్గింపుమనెను.

నేను నెమ్మదిగా వినలేదు. "ఇంద్రియ నిగ్రహము చదువుకొన్నవాడనే, నాకు నెమ్మది ఏల?" యని మండలదీక్ష సంకల్పించి, దినమునకు ఒక్క పూట కొద్దిపాటి ఆహారము, ఏకాదశినాడు నిర్జలము అని నియమము పెట్టుకొంటిని. మాత్రలను మాత్రము యథాప్రకారము మింగుచుంటిని. తొమ్మిదవ దినమున ఏకాదశి వచ్చెను. సాయంసంధ్యకు కూర్చుండినవాడను ఒడలెల్ల చెమట పట్టి, కనులు చీకట్లు క్రమ్మి పక్కకు ఒరిగిపోతిని. రక్తములో చక్కెర ప్రమాదకరముగ పడిపోయినదని తరువాత తెలిసినది. ఇంటివారు సమయమునకు చూచిరి గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మరునాడు నా ధర్మపత్ని మంచము పక్కన కూర్చుండి అడిగినది: "ఏమండీ, ఈ ఉపవాసము స్వామి కోసమా, తక్కెడ కోసమా? స్వామి కోసమైతే మీరు చదివిన శాస్త్రమును చూడండి. తక్కెడ కోసమైతే వైద్యుని మాట వినండి. రెండూ కాక మీ పంతము కోసమైతే ఆ మాట చెప్పండి, నేను కూడా మీతో మానేస్తాను."

నలుబది యేండ్లు శాస్త్రములు చెప్పినవాడను. ఆ మూడు వాక్యములకు నా యొద్ద జవాబు లేకపోయెను.

శాస్త్రము చెప్పునది

పుస్తకములు తీసి చూచుకొంటిని. గీతాచార్యుడు ఆరవ యధ్యాయమున, మితిమీరి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని సమముగా చెప్పినాడు. పదునేడవ యధ్యాయమున ఇంకను కఠినముగా, శాస్త్రము విధింపని ఘోరతపస్సుతో దంభాహంకారములు కలవారై దేహమును కృశింపజేయువారు, లోపలనున్న తననే బాధించుచున్నారనియు, వారి నిశ్చయము ఆసురమనియు చెప్పినాడు. అది ఎన్నిమారులో పాఠము చెప్పితిని. ఆ మాట నన్ను గూర్చియే యని ఆనాడు తెలిసినది.

ఏకాదశికిని ఇది విరోధము కాదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము — ఈ ఎనిమిదియు వ్రతభంగము చేయవని పెద్దలు పరిగణించిరి. రోగికి దారి విడిచిన శాస్త్రమును కాదని, నా నియమమును నేనే బిగించుకొంటిని. అది భక్తి కాదు; భక్తి వేషము ధరించిన అహంకారము.

ఇక "దేహచింత దేహాత్మభ్రమ కాదా" యను ప్రశ్న. దేహమే నేననుకొనుట భ్రమ. కాని భగవద్రామానుజుల సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణునకు శరీరము, ఆయనకే చెందినవి. అట్లయినచో ఈ దేహము నాది కాదు. కైంకర్యము కొరకు నా వశమున ఉంచబడిన స్వామి సొత్తు. దేవాలయపు ధాన్యమును లెక్కలేక ఖర్చుచేయు అధికారి ఎంత దోషియో, గర్భగుడి గోడను తన కోపముతో పగులగొట్టువాడు అంతకు తక్కువ దోషి కాడు. తిండిపోతు మొదటివాడు, నేను రెండవవాడనైతిని. దేహమును ఆరాధింపవద్దు, హింసింపవద్దు. కాపాడి లెక్క అప్పగింపవలెను. ఇదియే నాకు దొరికిన సమాధానము.

లెక్క అప్పగించు పద్ధతిని చరకసంహిత చెప్పినది. సూత్రస్థానము ఏడవ యధ్యాయమున, అలవడిన అహితమును ఒక్కమారుగ విడువరాదనియు, పాదాంశ క్రమమున, అనగా నాలుగవ వంతు చొప్పున విడుచుచు ఆ స్థానమున హితమును చేర్చుకొనవలెననియు ఉపదేశము కలదు. ఇట్లు క్రమముగ పోయిన దోషము తిరిగిరాదు. క్రమముగ వచ్చిన గుణము కదలదు. అదే గ్రంథము ఇరువదియొకటవ యధ్యాయమున అతిభోజనము, తీపి–జిడ్డు పదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర స్థౌల్యమునకు కారణములని చెప్పి, వ్యాయామాదులను క్రమముగ పెంచుమన్నది.

మన యూరి చేరువనే ఇందుకు శిలాసాక్ష్యము కలదు. గుత్తినుండి పత్తికొండకు వచ్చు దారిలో ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములున్నవి. అందలి మొదటి ధర్మలిపిలో, పూర్వము తన వంటశాలలో దినదినము లెక్కకు మిక్కిలి ప్రాణులు వధింపబడుచుండెననియు, ఇప్పుడు మూడు మాత్రమేయనియు, మునుముందు ఆ మూడును ఉండవనియు ఆ చక్రవర్తి చెప్పుకొన్నాడు. మతమునకు అతడు మనవాడు కాకపోవచ్చును. కాని సార్వభౌముడై యుండియు, తన వంటయింటి లెక్కను దాచక, ఇంకను మిగిలిన మూడింటిని ఒప్పుకొని రాతిపై వ్రాయించిన నిజాయితీ నేర్చుకొనదగినది.

దినచర్యలో చిన్న నియమములు

నేను చేసినది చెప్పెదను. కొత్త వ్రతమేదియు పట్టలేదు. ఉన్న అనుష్ఠానమునకే ఒక్కొక్క చిన్న నియమమును ముడివేసితిని. ముడి బిగిసిన తరువాతనే మరియొకటి.

మొదటి నెల: ప్రాతఃసంధ్య ముగియగానే నడక. ఆరంభమున పది నిమిషములు, ఇప్పుడు ముప్పది. వారమునకు 150 నిమిషముల నడక వంటి శ్రమ పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. కోవెల ప్రదక్షిణములతో అందు సగము తీరును. స్మరణ కూడ జరుగును.

రెండవ నెల: పాదాంశము. విస్తరిలోని అన్నమును నాలుగు భాగములనుకొని, ఒక భాగము తీసి ఆ చోట కూర, పప్పు చేర్చితిని. కొన్నాళ్లకు మరియొక భాగము. రాత్రికి ఒక జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ. చిరుధాన్యము మంచిదని నాలుగు రొట్టెలు తినినచో ఫలము లేదు. మితము ధాన్యములో లేదు, చేతిలో ఉన్నది.

మూడవ నెల: కాఫీలో చక్కెర రెండు చెంచాలనుండి ఒకటికి, పిదప అరకు, పిదప లేకుండుటకు వచ్చినది. రాత్రి భోజనము ఎనిమిది గంటలలోపల, పగటినిద్ర బంద్. శనివారము ఉదయము ఒక్కమారు తూచుకొనుట. దినదినము తక్కెడ యెక్కుట మరియొక వ్యసనము.

అన్నిటికంటె ముఖ్యమైనది: తప్పిన నాడు చేయు ప్రాయశ్చిత్తము. పెండ్లిలో రెండు భక్ష్యములు ఎక్కువైనచో మరునాడు కడుపు మాడ్చుకొనుట ప్రాయశ్చిత్తము కాదు. తరువాతి పూట మరల నియమమునకు వచ్చుటయే ప్రాయశ్చిత్తము. సంధ్యాకాలము అతిక్రమించినవాడు ఒక అర్ఘ్యము అదనముగ ఇచ్చి సంధ్య కొనసాగించునే గాని సంధ్యనే మానుకొనడు గదా!

పదునాలుగు నెలలలో 86 కిలోలు 78 అయినవి. వారమునకు అరకిలోకు మించి తగ్గవలదని వైద్యులందురు. నాది అంతకంటె నెమ్మది. మాత్రల మోతాదును వైద్యుడే తగ్గించెను. మధుమేహము మొదలైన వ్యాధులు కలవారు వైద్యుని అడుగక ఉపవాసము చేయవలదని నా అనుభవముతో మనవి చేయుచున్నాను.

ప్రసాదము మాట

ఇక ఆ యువకుని దొన్నె. ఆండాళ్ తల్లి తిరుప్పావై రెండవ పాశురమున నేయి, పాలు మానెదమని వ్రతనియమము చెప్పినది. ఇరువది యేడవ పాశురమున మోచేతివరకు నెయ్యి కారునట్టి పాయసాన్నమును అందరు కలిసి చల్లగా ఆరగింతుమని కోరినది. నిషేధమును ఆమెయే పాడినది, విందును ఆమెయే పాడినది. నియమము ముందు, విందు వెనుక, అదియు ఒక్కనాడు, అందరితో కలిసి. మనమో, రెండవ పాశురమును పాడి, ఇరువది యేడవ దానిని ముప్పది నాళ్లు భుజించుచున్నాము!

ప్రసాదత్వము పరిమాణములో లేదు. తీర్థము ఉద్ధరిణెడు, తులసి ఒక దళము. ఎవరైనను చెంబెడు తీర్థమడుగుదురా? కావున ప్రసాదమును నిరాకరింపవద్దు. కన్నులకద్దుకొని పిడికెడు స్వీకరింపుడు. తక్కినది పక్కవారికి పంచుడు. ముందే తక్కువ వడ్డింపుమని కోరుట అన్ననింద కాదు. ఎక్కువ వేయించుకొని విస్తరిలో విడుచుట అన్ననింద.

కుచేలుని కథ తెలియనివారెవరు? శ్రీకృష్ణుడు ఒక పిడికెడు అటుకులు ఆరగించి రెండవ పిడికిలి యెత్తగా రుక్మిణీదేవి ఆ చేయి పట్టుకొనెను. ఒక్క పిడికెడుతోనే కుచేలునికి సకలసంపదలు సిద్ధించినవి. చాలునని చెప్పిన చేయి లక్ష్మీదేవిది! వడ్డించుట మాత్రమే ప్రేమ యనుకొను మన గృహలక్ష్ములకు, ఆపుటయు ప్రేమయే యని ఆ తల్లి నేర్పినది.

మా యింట ఇప్పుడొక అలవాటు ఏర్పడినది. బియ్యము పోయునపుడు మా పాలిటికి తగ్గించిన పిడికెడును నా ధర్మపత్ని వేరొక కుండలో వేయును. ఈ పడమటి పల్లెలనుండి ఏటేటా కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోవుచుండును. బరువు తగ్గుమని వారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఊరిలో మిగిలిన ముసలివారిలో ఇద్దరికి నెల తిరుగునప్పటికి ఆ కుండలోని బియ్యము చేరును. మా దేహమునకు భారమైనది వారి దేహమునకు బలమగుచున్నది. "స్వామి కోసమా, తక్కెడ కోసమా" యను ప్రశ్న ఇప్పుడు మా యింట వినబడదు.

ఆ యువకుడు వచ్చు ధనుర్మాసమున మరల కనబడినచో, దొన్నెనుండి ఒక పిడికెడు అతని చేతిలో పెట్టి, తక్కినది ఇద్దరము కలిసి గోష్ఠిలోని పిల్లలకు పంచెదము. అది అపచారము కాదు, నాయనా, అది కైంకర్యము.