కొలువు దొరకని దినములలో కాయకము

పెండ్లి పందిటిలోనైనను, మఠములోని ప్రసాద పంక్తిలోనైనను, చదువు ముగించిన యువకుడు కనబడగానే మన పెద్దలు వేయు ప్రశ్న ఒక్కటే: “ఇప్పుడేం చేస్తున్నవు బిడ్డా?” అడుగువారి మనస్సులో కల్మషము లేదు. క్షేమసమాచారము విచారించినట్లే విచారింతురు. కాని పట్టా చేతబట్టుకొని రెండు మూడేండ్లుగా ఉద్యోగమునకై తిరుగుచున్న వానికి ఆ ప్రశ్న వినవలసివచ్చునన్న భయముతోనే పంక్తిలో కూర్చుండుటకు కాళ్ళాడవు. జహీరాబాదు ప్రాంతమున నేనెరిగిన బి.కాం. పట్టభద్రుడొకడు బసవ జయంతికి మఠమునకు వచ్చుటయే మానుకొనెను. కారణమడిగితిని. మొదట ఏమియు చెప్పలేదు. పిమ్మట అతడు చెప్పినది విని కొంతసేపు నాకు నోట మాట రాలేదు. ఒకనాటి ఉదయము అతడు ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని పూజ చేయుచుండగా తండ్రి గడపలో నిలిచి, “పనీపాటా లేనోనికి లింగపూజ ఎందుకురా? కాయకం లేకుంట శరణుడెట్లయితవు?” అనెనట.

ఆ తండ్రి కఠినుడు కాడు. అప్పు చేసి కొడుకును చదివించినవాడు. పైగా అతని నోట వెలువడినది ఎవరిదో పరాయి మాట కాదు, బసవేశ్వరుని బోధగా మనమందరము పిల్లలకు నేర్పుచున్నదే. కాయకమునందే కైలాసము గలదని నమ్ము సమాజములో, పని దొరకని వానికి స్థానమేమి? వాడు లింగమును పట్టుటకు అర్హుడు కాడా? ఈ ప్రశ్నను దాటవేసి యువకులకు ధైర్యము చెప్పబూనుట వ్యర్థము. ఏలనన, ఉద్యోగము లేకపోవుట కంటె తాను దేనికిని పనికిరానివాడనను భావమే వారిని ఎక్కువగా క్రుంగదీయుచున్నది.

ఆ తండ్రి పొరపాటు ఒక్కచోట గలదు. కాయకమనగా ఉద్యోగమని అతడు గ్రహించెను. ఉద్యోగమును ఇతరులు ఇయ్యవలెను. ఇచ్చినవారు తీసివేయనూ గలరు. కాయకమును ఒకరు ఇయ్యరు. కాయమును వంచి, కపటము లేక చేయు ప్రతి శ్రమయు కాయకమే. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో కరణికముతో ఆరంభించి భాండాగారాధిపతి యయ్యెనని ప్రతీతి గనుక ఆయనకు ఉద్యోగము గలదనుట నిజమే. కాని కల్యాణములోని అనుభవ మంటపమున ఆయన సరసన కూర్చున్నవారిలో ఎందరికి కొలువు గలదు? నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. మడివాళ మాచయ్య బట్టలు ఉదికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. వీరికి నియామక పత్రమిచ్చిన వారెవరు?

అందరికంటె మన విద్యావంతులైన యువకులు తెలిసికొనదగినది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్రమని నాకు తోచును. శూన్యసంపాదనలో వీరి వృత్తాంతము విపులముగా గలదు. మారయ్య కాయకమేమి? బసవన్న మహామనె ముంగిట నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట. దానికి జీతము లేదు, హోదా లేదు. నేటి జనగణన ఉద్యోగి వారి ఇంటికి వచ్చినచో ఆయన పేరెదుట ఏమి వ్రాసికొనునో ఊహింపవచ్చును. అట్టి మారయ్య ఒకనాడు అనుభవ గోష్ఠిలో లీనమై కాయకమును మరచెను. లక్కమ్మ వచ్చి, నీ కాయకము నిలిచిపోయినది, లెమ్మని హెచ్చరించెను. గొప్ప తత్త్వచర్చయైనను నాటి పనికి బదులు కాజాలదని ఆ తల్లి భావము. మరియొకనాడు ఆయన ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. నిత్యము తెచ్చు కొలతకు మించినదానిని తీసికొనిపోయి అచ్చటనే చల్లి రమ్మని పంపెను.

ఉద్యోగాన్వేషణము సరిగా ఈ గింజలేరుటవంటిదే. ఒక దరఖాస్తు, ఒక పాఠము, ఒక పరిచయస్థుని కలిసికొనుట, ఒక ముఖాముఖి పరీక్ష. ఏ మూలన గింజ పడియుండునో ఏరువానికి తెలియదు. వంగి చూచుట వరకే అతని పని.

ఇట్లనుట సులభము, అనుభవించుట కష్టము. తెలంగాణమున 503 ఉద్యోగములకై జరిగిన గ్రూప్-1 నియామక ప్రక్రియనే చూడుడు. 2022 అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని తేలగా 2023 మార్చిలో దానిని రద్దు చేసిరి. 2023 జూన్ 11న మరల పరీక్ష పెట్టిరి. ఆ సెప్టెంబరులో హైకోర్టు దానినిని రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములతో క్రొత్త ప్రకటన వెలువడి, జూన్ 9న మూడవసారి అదే ప్రాథమిక పరీక్ష జరిగెను. మొదటిసారి ఉత్తీర్ణుడైనవాడు తన తప్పిదమేమియు లేకయే మరల మొదటి మెట్టున నిలువవలసివచ్చెను. ఏరిన గింజలను ఎవరో వచ్చి మట్టిలో కలిపినట్లయ్యెను. అట్టివానితో “నిరుత్సాహపడకు” అని చెప్పుటకు నాకు నోరు రాదు. దుఃఖపడుట అతని హక్కు. అయితే ఒక్క విషయము గమనించితిని. ఫలితమొక్కటే కొలమానముగా చదివినవారు రెండవ రద్దుతో పుస్తకములు మూసివేసిరి. దినమున ఇంత చదువుదునని తనకు తాను కొలత పెట్టుకొని, ఆ కొలత నిండిన సాయంకాలము తృప్తితో నిద్రించినవారు కొన్ని దినములు బాధపడి మరల లేచిరి. వారు ఎక్కువ తెలివిగలవారు కారు. వారి తృప్తి పరీక్షాధికారుల చేతిలో లేదు, అంతే.

కొలత అనగా కనీసము మాత్రమే కాదు, గరిష్ఠము కూడ. హైదరాబాదులో అశోకనగరు, చిక్కడపల్లి గదులలో పదునారేసి గంటలు చదివి, నాలుగు దినములలో అలసి, పది దినములు మంచము పట్టు పిల్లలు గలరు. ఒక్క రాత్రిలో ఏబది దరఖాస్తులు పంపి, ఒక్కదానికిని జవాబు రాలేదని నెల దినములు ముఖము చాటువేయువారు గలరు. లక్కమ్మ వారి బియ్యమును కూడ వెనుకకు పంపియుండును.

ఇక ఆ తండ్రి విషయము. అతనికి బజారులో చిన్న కిరాణా దుకాణము గలదు. కొడుకు ఉదయము పూట గల్లా వద్ద కూర్చుందునని అడుగగా, “డిగ్రీ చదివి పొట్లాలు కట్టుతవా, నలుగురు నవ్వుతరు” అని వద్దనెనట. ఒక నోటితో కాయకము లేదని నింద, రెండవ నోటితో కాయకమునకు నిషేధము! ఇది ఒక్క ఇంటి కథ కాదని పాఠకులు ఎరుగుదురు. కాశ్మీర రాజ్యమును విడిచి వచ్చెనని ప్రసిద్ధిగాంచిన మోళిగె మారయ్య కల్యాణములో కట్టెలమోపులమ్మి జీవించెను. ఆయన చిత్రపటమునకు పూలమాల వేసి, మన బిడ్డ తక్కెడ పట్టుటకు సిగ్గుపడుట ఎట్టి భక్తి? దుకాణములో మూడు గంటలు కూర్చున్నంత మాత్రమున చదువు వ్యర్థము కాదు, అన్వేషణ ఆగదు. చేతిలో కొంత పని ఉన్నవాడు పరీక్షకు కూడ స్థిమితముగా పోగలడు. ఆడపిల్లల సంగతి మరింత దారుణము. వారికి వేచియుండు అవకాశమే ఈయక, రెండవ పరీక్ష తప్పగానే సంబంధములు చూచుచున్నాము. లక్కమ్మను కొనియాడు సమాజము చేయదగిన పని ఇది కాదు.

పొలమమ్మియైనను దళారి చేతికి లక్షలిచ్చి ఉద్యోగము సంపాదింపవలెనను ఆలోచన కొందరి ఇండ్లలో మెదలుచుండును. కాయకము సత్యశుద్ధమై యుండవలెనని శరణులు పట్టుబట్టిరి. లంచముతో ఆరంభమైన ఉద్యోగమున ఆ సొమ్మును మరల రాబట్టుకొను యోచన మొదటి దినముననే ప్రవేశించును. దానిని గూర్చి ఇంతకంటె వ్రాయనక్కరలేదు.

మఠములకు ఒక మనవి. విద్యార్థులకు అన్నము, నీడ కల్పించుటలో మన మఠములు చేసిన సేవ అసామాన్యము. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019లో 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారి కాలములో, వేలాది బాలురు కులమత భేదము లేక చదువుకొనిరి. కాని సామాన్యముగా వసతిగృహములలో చివరి పరీక్ష వ్రాసిన మరునాడే పెట్టె సర్దుకొనవలెను. అన్నిటికంటె ఆసరా కావలసిన కాలము ఆ మరునాడే మొదలగును. చదువు ముగిసిన పిదప ఒక్క సంవత్సరము పాటు, క్రింది తరగతుల పిల్లలకు దినమునకొక గంట పాఠము చెప్పవలెనను నియమముతో, వారిని అచ్చటనే ఉండనిచ్చినచో ఎట్లుండును? అది భిక్ష కాదు. వారి పాఠము దాసోహమగును. మఠము పెట్టు అన్నము ప్రసాదమగును. నాలుగు గదులున్న మఠమైనను ఒక గదితో దీనిని ఆరంభింపవచ్చును.

నేను చెప్పిన యువకునికి ఇంకను ఉద్యోగము రాలేదు. తండ్రితో ఇద్దరు పెద్దలము కూర్చుండి మాటాడితిమి. ఆయన చాలసేపు మౌనముగా నుండి, పొద్దుటి పూట దుకాణము తాళపుచెవులు కొడుకున కిచ్చుటకు ఒప్పుకొనెను. పూజ నాటి మాటను గూర్చి ఆయన ఏమియు అనలేదు, మేమును రెట్టింపలేదు. మొన్నటి బసవ జయంతికి ఆ అబ్బాయి మఠమునకు వచ్చి పంక్తిలో పప్పు వడ్డించుచుండెను. నా ప్రక్కన కూర్చున్న వృద్ధుడొకాయన విస్తరిలో అన్నము కలుపుకొనుచు అలవాటుగా అడిగెను, ఇప్పుడేమి చేయుచున్నావని. “పొద్దున దుకాణం చూస్తున్న, తర్వాత పరీక్షలకు చదువుతున్న తాతా,” అని చెప్పి, గరిటె పప్పు వేసి, అతడు తరువాతి విస్తరి వద్దకు సాగెను.