గౌతమి పామును వదిలేయమంది

మహాభారతంలో అనుశాసన పర్వం మొదట్లోనే గౌతమి కథ వస్తుంది. అంపశయ్య మీది భీష్ముణ్ణి చూసి, ఈ పాపమంతా నాదేనని ధర్మరాజు కుమిలిపోతుంటే, ఊరడించడానికి తాత చెప్పిన కథ ఇది. గౌతమి అనే వృద్ధురాలి కొడుకు పాము కాటుకు చనిపోతాడు. అర్జునకుడనే బోయవాడు ఆ పామును నరాల తాడుతో కట్టి తెచ్చి, నిప్పుల్లో వేయనా, ముక్కలుగా నరకనా అని అడుగుతాడు. వదిలేయమంటుంది గౌతమి. దీన్ని చంపినంత మాత్రాన నా బిడ్డ బతికి రాడు కదా అంటుంది.

బోయవాడు ఒప్పుకోడు. నాదేముంది, మృత్యువు పంపితే వచ్చానంటుంది పాము. నన్ను కాలపురుషుడైన కాలుడు నడిపించాడంటుంది మృత్యువు. చివరికి కాలుడే వచ్చి, మా ముగ్గురిదీ తప్పు కాదు, ఆ పిల్లవాడి కర్మే కారణమని తేలుస్తాడు.

ఈ కథను సాధారణంగా కాలుడి తీర్పు కోసం చెబుతారు. నాకు మాత్రం అంతకుముందు జరిగిందే ముఖ్యమనిపిస్తుంది. కారణం ఎవరో తేలకముందే ఆ తల్లి పామును వదిలేయమంది. కడుపుకోతలో ఉండి కూడా ఇంకో ప్రాణం తీయడానికి ఆమెకు మనసొప్పలేదు. తీర్పు విన్నాక, కొడుకు కర్మతోపాటు పుత్రశోకం పడేలా తాను చేసుకున్న కర్మ కూడా ఉందంది. అక్కడ కర్మ అనే మాట బోయవాడు ఎత్తిన చేతిని ఆపింది.

మన దగ్గర అదే మాట సాయపడాల్సిన చేతిని ఆపుతోంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వినేలా ‘ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో’ అనడం నేను చెవులారా విన్నాను. పంట పోయిన రైతు గురించీ, వైకల్యంతో పుట్టిన పసివాడి గురించీ, తరతరాలుగా మనం ఊరి చివర ఉంచిన మనుషుల గురించీ ఇదే మాట. ఇది శాస్త్రం కాదు, నిర్దయ. ఎదుటివాడి సంచితం, అంటే గత జన్మల నుంచి పోగైన కర్మ, మనలో ఎవరు చూశారు? మన చేతిలో ఉన్నది ఆగామి ఒక్కటే, అంటే ఈ పూట మనం చేసే పని. పక్కింటివాడి కష్టం వాడి ప్రారబ్ధమే అనుకున్నా, అది చూసి తలుపు వేసుకుంటే ఆ కర్మ మాత్రం మనదే.

అదే పర్వంలో, దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడుగుతాడు. దైవం విత్తనం, మనిషి ప్రయత్నం పొలం అని బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన మాటను భీష్ముడు వినిపిస్తాడు. యోగవాసిష్ఠం ఇంకా ముందుకు వెళ్లి, దైవమంటే నిన్నటి మన ప్రయత్నమేననీ, నేటి ప్రయత్నం దాన్ని గెలవగలదనీ అంటుంది.

ఈసారి పరామర్శకు వెళ్లినప్పుడు ‘అంతా కర్మ’ అనే మాట నోటిదాకా వస్తే, దయచేసి దిగమింగండి. గౌతమి ఆ మాట తన గురించి, తన బిడ్డ గురించి అనుకుంది. మీరు మాత్రం ఆ ఇంట్లో ఏం కావాలో అడిగి, చేతనైనది చేసి రండి.