అమ్ముడుపోయే చిట్టా

మన ప్రతి పనినీ ఎవరో చూస్తున్నారన్న నమ్మకం మనకు కొత్త కాదు. చీకట్లో చేసిన పనికీ సూర్యచంద్రులు, గాలి, నిప్పు సాక్షులన్నారు పెద్దలు. చిత్రగుప్తుడి చిట్టాకెక్కని పని లేదన్నారు. అందుకే కార్ల కంపెనీలు మన ప్రయాణాలను నమోదు చేస్తున్నాయని ఎవరైనా అభ్యంతరపెడితే, పైవాడు ఎలాగూ చూస్తున్నాడు కదా, తప్పు చేయనివాడికి భయమెందుకు అన్న జవాబు తేలిగ్గా నోటికొస్తుంది. వినడానికి భక్తిలాగే ఉంటుంది గానీ, సాక్షి అన్న భావనను అది తలకిందులు చేస్తుంది.

అమెరికాలో జనరల్ మోటార్స్ వ్యవహారమే తీసుకుందాం. ఆ కంపెనీ కారు షెవర్లే బోల్ట్ నడిపే ఒకాయనకు 2022లో బీమా ఖర్చు 21 శాతం పెరిగింది. కారణం కోసం వెతికితే, లెక్సిస్‌నెక్సిస్ అనే డేటా సంస్థ దగ్గర, జనరల్ మోటార్స్ ఇచ్చిన వివరాలతో, ఆయన పేరిట 258 పేజీల నివేదిక ఉందని తేలింది. ఆయనా భార్యా ఎప్పుడు బయల్దేరారు, ఎంత దూరం వెళ్లారు, ఎన్నిసార్లు హఠాత్తుగా బ్రేకు వేశారు, అంతా అందులో ఉంది. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టింది. కొన్ని కార్ల నుంచి మూడు సెకన్లకోసారి స్థాన వివరాలు సేకరించారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. ఇంతా రాసిన ఆ నివేదికలో బ్రేకు పడిందని ఉంటుంది తప్ప ఎందుకు పడిందో ఉండదు. రోడ్డుకు అడ్డం పరుగెత్తిన పిల్లవాణ్ణి కాపాడిన బ్రేకూ, ఫోను చూస్తూ ఆలస్యంగా తొక్కిన బ్రేకూ అక్కడ ఒకే పద్దు.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులున్నాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ఆ రెండో పక్షికి పండు మీద ఆశ లేదు కనుకనే దాని చూపు మనకు బరువుగా ఉండదు. కంపెనీ చూపు వెనక బేరం ఉంది: చూసినదాన్ని సొమ్ము చేసుకుంటుంది, కొన్నవాడు దాన్ని బట్టి మన ప్రీమియం లెక్కగడతాడు. ఇక చిత్రగుప్తుడి మాటకొస్తే, ఆ చిట్టాకు తిరుగులేదని మన పురాణాలే ఒప్పుకోలేదు. భారతంలో శూలానికెక్కించిన మాండవ్య మునికి ఆ బాధ ఎందుకు వచ్చిందంటే, చిన్నప్పుడు పురుగులను గడ్డిపోచతో పొడిచాడని పద్దు చూపించాడు యముడు. ముని తలవంచలేదు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని నిలదీసి, ధర్మదేవతైన ఆ యముణ్ణే మనిషిగా పుట్టమని శపించాడు. పద్నాలుగేళ్ల లోపు చేసింది పాపం కాదని హద్దు గీశాడు. విదురుడి పుట్టుక వెనకున్న కథ ఇది. పద్దు నిజమే. అయినా ఏది లెక్కకు వస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది, దాన్ని అడిగినవాడు శిక్ష పడ్డవాడే.

జాగ్రత్తగా నడిపేవాడికి ప్రీమియం తగ్గుతుంది కదా, మంచిదే కదా అంటారు. తెలిసి ఒప్పుకున్నవాడికి తగ్గితే నాకు పేచీ లేదు. ప్రమాదం జరిగినప్పుడు సాయం పిలిచే సేవకూ, దొంగిలించిన కారును వెతికే సేవకూ కూడా అదే మాట. మరి కొనేటప్పుడే ఒప్పుకున్నారుగా అన్నది ఇంకో వాదన. ఈ కేసులో కమిషన్ తప్పుపట్టింది సరిగ్గా ఆ ఒప్పుదలనే: నడిపే తీరును నమోదు చేసే స్మార్ట్ డ్రైవర్ అనే సేవలో జనాన్ని చేర్చిన పద్ధతి తప్పుదోవ పట్టించేలా ఉందని. పైగా తాళాలు చేతికిచ్చే వేళ తెర మీద నొక్కిన ఒక్క సరే, పక్క సీట్లో కూర్చునే భార్య తరఫునా, ఆ కారు అరువడిగి తీసుకెళ్లే తమ్ముడి తరఫునా ఎలా చెల్లుతుంది? కమిషన్ ప్రతిపాదించిన ఉత్తర్వు స్థాన, డ్రైవింగ్ సమాచారాన్ని వినియోగదారుల నివేదికలమ్మే సంస్థలకు ఐదేళ్లు ఇవ్వకూడదంది. తన గురించిన సమాచారం నకలు అడిగే, దాన్ని చెరిపించే దారి వినియోగదారుడికి ఉండాలంది. మాండవ్యుడికి ఆ దారి శూలం ఎక్కాక గానీ దొరకలేదు. బోల్ట్ నడిపినాయనకు బీమా పెరిగాక దొరికింది.