కనిపెట్టుకుని ఉండటం

పొంగుతున్న పిండి దగ్గర కూర్చోవడం పనా, తీరికా? చాలా చిన్న ప్రశ్నే. కానీ ఇంటి చాకిరీ గురించి మనం ఇన్నేళ్ళుగా వేసుకుంటున్న లెక్కల్లో ఇది ఎక్కడా సరిగ్గా ఇమడలేదని నాకనిపిస్తుంది.

మా ఉద్దానంలో శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్ళు రాలతాయి. గుజ్జు పిసికి, పీచు తీసి, బియ్యప్పిండో నూకో కలిపి, బెల్లం, కొబ్బరికోరు, యాలకులు వేసి బూరెలు వండుతారు. ఒడిశాలోనూ బెంగాల్లోనూ తాటిగుజ్జుతో ఇలాంటివే చేస్తారు. సరిహద్దు ప్రాంతం కదా, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగి లాభం లేదు. ఇప్పుడు పలాసలోనూ టెక్కలిలోనూ పిల్లలు డోనట్లు అడుగుతున్నారు. డోనట్ అంటే మరేం కాదు, ఈస్టు వేసి పొంగించిన మైదా బూరె, మధ్యలో చిల్లుతో.

అరకిలో మైదాకి 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్టు చాలు. పాలు గోరువెచ్చగా ఉండాలి, మరీ వేడైతే ఈస్టు చచ్చిపోతుంది. పంచదార ఎక్కువైతే మందగిస్తుంది. దాల్చినచెక్క కూడా దానికి పడదు. అందుకని పిండిలో యాలకులు, జాజికాయ, చిటికెడు శొంఠి మాత్రం వేసి, దాల్చినచెక్క పొడిని పంచదారలో కలిపి, వేయించాక పైన అద్దుతాను. గుడ్డు, వెన్న వేసి పది నిమిషాలు మర్దించి మూత పెట్టాక చేతులకి పనుండదు. మే నెల ఉక్కలో గంటకే రెట్టింపవుతుంది. పుష్యమాసంలో రెండు గంటలైనా కదలదు. తర్వాత ఒత్తి, చిల్లులు కోసి, మళ్ళీ పొంగనివ్వాలి. అసలు పరీక్ష ఈ రెండోసారే. వేలితో మెల్లగా నొక్కినప్పుడు పడ్డ గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైపోయినట్టు. నెమ్మదిగా, సగం మాత్రమే పూడిందా, అప్పుడు మూకుడు పెట్టాలి. అలా పొంగినది నూనెలో తేలుతుంది, వేగాక నడుం చుట్టూ తెల్లటి చార మిగులుతుంది. ఆ చార చూసి పిండి దగ్గర ఎవరు ఎంత శ్రద్ధగా కూర్చున్నారో చెప్పేయొచ్చు.

గడియారం ఇక్కడ పెద్దగా అక్కరకి రాదు. ఆ రెండు గంటల్లో నేను బట్టలు మడతపెట్టొచ్చు, విద్యార్థుల పేపర్లు దిద్దొచ్చు, టీవీ కూడా చూడొచ్చు. కానీ మనసులో ఒక మూల పిండి మీదే ఉంటుంది. పక్కింటావిడ గుమ్మంలోంచి "అప్పా, పిండి లెగిసిందేటి?" అని అడిగితే, చూడకుండానే జవాబు చెప్పగలను.

మన భాషలో దీనికొక మంచి మాటుంది: కనిపెట్టుకుని ఉండటం. విచిత్రమేమిటంటే కొత్త విషయాన్ని వెలికితీయడాన్నీ మనం కనిపెట్టడమనే అంటాం. పులియడం ప్రాణుల పని అని చెప్పే వ్యాసాలు లూయీ పాశ్చర్ 1857 నుంచి ప్రచురించాడు. కనిపెట్టినవాడని ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. అంతకు వేల ఏళ్ళ ముందునుంచీ పులుస్తున్న కుండల్ని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకి పేర్లే లేవు. ఒక కనిపెట్టడం విజ్ఞానమై, రెండోది ఓపికగా మిగిలిపోవడం వెనక ఉన్నది పితృస్వామ్యం కాక మరేమిటి?

2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ అంకెల విలువ నేను తక్కువ చేయను. మార్లిన్ వారింగ్ 1988లో జాతీయాదాయ లెక్కల్ని నిలదీసిన దగ్గర్నుంచీ మనం పోరాడింది ఇలాంటి అంకెల కోసమే. అయినా రోజుని అరగంట ముక్కలుగా కోసి అడిగినప్పుడు, పిండి పొంగుతుండగా టీవీ ముందు కూర్చున్న స్త్రీ ఏం చెబుతుంది? టీవీ చూశానంటుంది. అబద్ధం కాదు కూడా.

పలాస జీడిపప్పు పనిలో కిలో లెక్కన కూలి ఇచ్చేచోట, ఒలిచిన పప్పుకే డబ్బు. ఒలవడానికి సరుకు వచ్చేదాకా కూర్చున్న గంటకి రాదు. అదే పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ ఒక్కో విడతకి దాదాపు నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. మంచం మీద మనిషి, పక్కన స్టూలు మీద తరచుగా ఒక స్త్రీ. మంచం మీద స్త్రీ ఉన్నా, స్టూలు మీద కూతురో చెల్లెలో. మొహం పాలిపోయినా, పిక్క పట్టేసినా ముందు నర్సుని పిలిచేది ఆమే. మిగతా సేపంతా ఊరికే కూర్చున్నట్టుంటుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కచ్చితమైన కారణం ఇంకా కనిపెట్టలేదు. కనిపెట్టుకుని ఉండేవాళ్ళు మాత్రం ఉన్నారు.

బూరెపిండినీ డయాలసిస్ మంచాన్నీ పక్కపక్కన పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. వాటి బరువులు ఒకటి కావని నాకూ తెలుసు. పిండి పాడైతే పారేస్తాం. కానీ శ్రద్ధ జాతి ఒకటే: ఇంకొకదాని వేగానికి మన వేగాన్ని అప్పగించి, ఏమీ చేయకుండా, ఎప్పుడు చేయాలో చూస్తూ ఉండటం.

దీన్ని పొగడాలంటే మాత్రం నాకు భయం. ఎదురుచూసే ఆడదాన్ని పొగిడినంతగా మన సాహిత్యం మరెవర్నీ పొగడలేదు. అందుకే 'ఊర్మిళాదేవి నిద్ర' నాకిష్టం. స్త్రీలు పాడుకున్న ఆ పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్ళూ గుమ్మంలో నిలబడదు, పడుకుంటుంది. (పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మనమూ పడుకోవచ్చు, నెమ్మదిగా పొంగుతుంది, రుచీ బావుంటుంది.) డయాలసిస్ మంచం పక్కనున్న స్త్రీకి ఆ వీలు లేదు. ఆమె లేచి టీ తాగొస్తానంటే స్టూలు మీద కూర్చునేదెవరు? కనిపెట్టుకుని ఉండటం ప్రేమా, చాకిరీనా అన్న పాత వాదం కంటే నాకు ఈ ప్రశ్నే ముఖ్యంగా తోస్తోంది. మనసు ఒకటే అయినా, లేవగలిగే స్త్రీ కూర్చోవడం వేరు, లేవలేని స్త్రీ కూర్చోవడం వేరు. పైగా ఆ స్థానంలోకి రావలసినవాళ్ళకి ఏం చూడాలో కూడా తెలియాలి. అది ఒక్కరోజులో వచ్చే చదువు కాదు.

ఈమధ్య మా తమ్ముణ్ణి రెండో పొంగు దగ్గర కూర్చోబెట్టి బజారుకెళ్ళాను. "ఎంతసేపట్లో అవుద్ది?" అన్నాడు. చెప్పలేనన్నాను. "మరేటి సూడాల?" అన్నాడు. వేలితో ఎలా నొక్కాలో చూపించాను. నేనొచ్చేసరికి ఒక్కో డోనట్ మీద నాలుగైదు గుంటలున్నాయి. ఫోను మాత్రం అవతలి గదిలో ఉంది. అలాగే వేయించాం.