ముందు పాత బాకీలు తీర్చు

అల్లుడూ, 1990 మోడల్ ఎర్ర మజ్దా మియాటా కొన్నావని తెలిసి చాలా సంతోషించాను. ఫొటోలన్నీ చూశాను. హెడ్‌లైట్లు పైకి లేచే వీడియోను మీ అత్తయ్య మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది. ఆ తర్వాత నువ్వు కొనబోయే సామాన్ల జాబితా చూశాను. మొదటిది టర్బో కిట్టు, రెండోది మోత మోగించే సైలెన్సర్, మూడోది స్పాయిలర్. బ్రేకుల ఊసే లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఫోన్లో చెబితే ‘సరే మావయ్యా, సరే మావయ్యా’ అంటూనే పెట్టేస్తావు.

నేను చెప్పేది ఒకటే. ఆ కారును మార్చడానికి ముందు, హిరోషిమా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున అది ఎలా ఉండేదో ఆ స్థితికి తీసుకురా. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు మారిందో ఏమో! ‘వచ్చే నెల చూద్దాంలే’ అని ఒక్కొక్కరూ వాయిదా వేసిన పనులన్నీ ఇప్పుడు నీ ఖాతాలో పడ్డాయి. ఆఫీసుకు వెళ్లొచ్చేటప్పుడు ఆ బాకీలు నిన్నేమీ అడగవు. నువ్వు తోలాలనుకుంటున్న రేస్ ట్రాక్ మీద మాత్రం మొదటి ఇరవై నిమిషాల్లోనే వడ్డీతో సహా వసూలు చేస్తాయి.

ముందుగా బానెట్ ఎత్తు. ఇంజిన్ ముందువైపు, కింద, క్రాంక్ షాఫ్ట్ చివర పుల్లీ ఉంటుంది. టార్చి వేసి దాని మధ్యభాగం చూడు. బోల్టు చుట్టూ గాళ్లు కనబడతాయి. నాలుగుంటే అది తొలి రోజుల షార్ట్ నోజ్ క్రాంక్, ఎనిమిదుంటే 1991లో మజ్దా వాళ్లు సరిదిద్దిన లాంగ్ నోజ్. నీ కారులో నాలుగే ఉంటాయి. కంగారు పడకు, ఆ ఇంజిన్లతో ఇప్పటికీ హాయిగా తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. చిక్కల్లా టైమింగ్ బెల్టు మార్చినప్పుడు వస్తుంది. అప్పుడు విప్పిన ఆ పెద్ద బోల్టును మళ్లీ సరైన టార్క్‌తో బిగించకపోతే, లోపలున్న చిన్న కీ కదలడం మొదలుపెడుతుంది, కదిలి కదిలి షాఫ్ట్‌లోని గాడిని తినేస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా ఆ బోల్టు మీదే చూపు నిలుపు. నిలకడగా తిరిగితే నీ అదృష్టం. ఊగుతూ తిరిగితే ఇంకే సామానూ కొనకు, వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

బెల్టు మార్చిన రసీదు అమ్మినాయన ఇచ్చాడా? ‘మార్చేశాం బ్రదర్’ అన్న మాట రసీదు కాదు. మజ్దా చెప్పిన గడువు 60,000 మైళ్లు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి ఇంజిన్ బతుకుతుంది. కానీ వెనక కార్లు దూసుకొస్తుంటే ట్రాక్ నడుమ నిలబడిపోవడం మంచి అనుభవం కాదు. ఎలాగూ విప్పుతాం గనుక వాటర్ పంపు కూడా అప్పుడే మార్చెయ్యాలి.

ఇక వేడి సంగతి. రేడియేటర్ పైన ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు కొత్తలో నల్లగా ఉంటుంది. నీ ఫొటోలో అది గోధుమ రంగుకు తిరిగింది. అంటే రేపో మాపో పగులుతుందని అర్థం. రేడియేటర్, హోసులు, మూత, కూలెంట్ అన్నీ ఒకేసారి కొత్తవి వేసెయ్. ఈ ఇంజిన్ కుటుంబం అసలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో అడ్డంగా కూర్చోవడానికి పుట్టింది. మియాటా కోసం దాన్ని నిలువుగా తిప్పారు. థర్మోస్టాట్ ముందువైపే ఉండిపోవడంతో వెనకనున్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం కాస్త తక్కువ అందుతుంది. అందుకే జోరుగా తోలేవాళ్లు థర్మోస్టాట్‌ను వెనక్కి మార్చి కూలెంట్ దారి మళ్లిస్తారు. టర్బో లేని నీ కారుకు ఇప్పుడప్పుడే అది అక్కర్లేదు. కానీ జూలైలో థండర్‌హిల్ ట్రాక్‌కు వెళ్తానంటున్నావు. విల్లోస్ ఊరి దగ్గర ఆ నెలలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. పాత రేడియేటర్‌తో అక్కడికి వెళ్లడం మాత్రం నేను ఒప్పుకోను. అన్నట్టు, నీ కారులో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజం చెబుతుంది. 1995 నుంచి వచ్చిన వాటిలో ప్రెషర్ ఉందా లేదా అన్నంతవరకే. ఆ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచు.

బ్రేకుల దగ్గర కాస్త నిదానంగా చదువు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నిబంధన. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. ట్రాక్ మీద ప్యాడ్ల వేడికి క్యాలిపర్‌లోని ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు గానీ ఆవిరి నలుగుతుంది. పెడల్ తొక్కితే నేల దాకా పోతుంది, కారు మాత్రం ఆగదు. లగూనా సెకా ట్రాక్‌లో కార్క్‌స్క్రూ మలుపు గురించి నువ్వు కలలు కంటున్నావు కదా, అది 59 అడుగులు కిందికి దిగుతుంది. గట్టు ఎక్కుతూ, అవతల ఏముందో కనబడకముందే బ్రేక్ వెయ్యాలి. పెడల్ మీద నమ్మకం లేనివాడికి అక్కడ పని లేదు.

పాత ఆయిల్ తీసే పని మనమిద్దరమే చేద్దాం. డ్రైవర్ సీట్లో నువ్వు కూర్చో, చక్రం దగ్గర నేనుంటాను. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెడతాం. నువ్వు పెడల్ తొక్కి పట్టుకుంటావు, నేను నిప్పుల్ వదులు చేస్తాను, పారదర్శకమైన గొట్టంలోంచి నల్లబడిన ఆయిల్ బుడగలతో సీసాలోకి దిగుతుంది. నేను బిగించి ‘వదులు’ అనేదాకా కాలు తియ్యకూడదు. తీశావంటే గాలి లోపలికి పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా నింపుతూ ఉండాలి. ఒక్క చుక్క పడినా పెయింట్ ఊడుతుంది కనుక పక్కన నీళ్ల బకెట్ ఉండాలి. కొత్త ఆయిల్ తేటగా వచ్చేదాకా నాలుగు చక్రాలకూ ఇదే వరస. రబ్బరు బ్రేక్ హోసులు కారుతో పాటు వచ్చినవే అయితే వాటినీ తీసి పారేద్దాం. ప్యాడ్లు ట్రాక్ వేడికి తట్టుకునేవి కొను. చలి ఉదయాల్లో కీచుమంటాయి, చక్రాలన్నీ మసి చేస్తాయి, భరించు. హ్యాండ్ బ్రేక్ బాగా పైకి లాగితే గానీ పట్టడం లేదన్నావు. అది కేబుల్ తప్పు కాకపోవచ్చు. వెనక క్యాలిపర్ మీద 14 ఎంఎం బోల్టు తీస్తే లోపల అలెన్ కీతో తిప్పే సర్దుబాటు ఉంటుంది. దాన్ని చాలామంది తమ జన్మలో ముట్టుకోరు.

టైర్ల పక్క గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెలు చదువు. 2316 అని ఉంటే 2016లో ఇరవైమూడో వారంలో తయారైనవి. అలాంటివి ఎంత గీత మిగిలి ఉన్నా ట్రాక్‌కు పనికిరావు. అలాగని మొదటి ఏడాదే రేసు టైర్ల జోలికి పోకు. మామూలు మంచి టైరు పట్టు వదిలేముందు అరిచి హెచ్చరిస్తుంది. ఆ అరుపు వింటూ నేర్చుకోవాలి. డోరు దగ్గర స్టిక్కర్ మీద గాలి 26 పీఎస్‌ఐ అని ఉంటుంది. ట్రాక్ మీద వేడెక్కి అది పెరుగుతుంది కనుక లోపలికి రాగానే కొలిచి రాసుకో.

షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, తర్వాత అలైన్‌మెంట్, ఈ వరసలో వెళ్లు. బుష్‌లు పాడై ఉండగా అలైన్‌మెంట్‌కు డబ్బివ్వడం దండగ. కారును నేలకు ఆనించేసినట్టు దించడం ఫొటోలకు బాగుంటుంది. సస్పెన్షన్ కదలడానికి చోటు లేకపోతే మలుపులో కారు గెంతుతుంది.

పైకప్పు లేని కారు కాబట్టి రోల్ బార్ వెయ్యందే ట్రాక్‌కు రానివ్వను. నిర్వాహకులు కూడా చాలాచోట్ల ఇదే అంటారు. హెల్మెట్ పెట్టుకుని నువ్వు సీట్లో కూర్చుంటే, బార్ పైభాగం నుంచి ముందు అద్దం పైఅంచు దాకా ఓ కర్ర పెట్టి చూస్తారు. నీ తల ఆ కర్రకు తగలకూడదు. మీ నాన్నగారి పొడుగు నీకొచ్చింది, సీటు కిందికి దించాల్సి రావచ్చు. గట్టి ప్లాస్టిక్ హార్డ్ టాప్ ఉందిగా అని వాదించకు, బోల్తా పడితే అది నిన్ను కాయదు. హెల్మెట్ మోటార్ సైకిల్‌ది కాదు, స్నెల్ ఎస్‌ఏ రకం తీసుకో.

ఇప్పుడు టర్బో దగ్గరికి వద్దాం. కొత్తలో నీ కారు బలం 116 హార్స్‌పవర్, బరువు టన్నులోపే. ఆ 1.6 ఇంజిన్‌తో వచ్చిన డిఫరెన్షియల్ చిన్నది. బలం పెంచితే ముందు విరిగేది అదే. 1994లో 1.8 ఇంజిన్‌తో పెద్దది పెట్టారు. టర్బో పెడితే డిఫరెన్షియల్, క్లచ్, రేడియేటర్, బ్రేకులు అన్నీ వరసగా చెయ్యి చాస్తాయి. పైగా ఇది కాలిఫోర్నియా. కిట్టుకు ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోద సంఖ్య లేకపోతే రెండేళ్లకోసారి వచ్చే స్మాగ్ పరీక్షలో చతికిలబడతావు. ఆ సైలెన్సర్ కూడా వద్దు. లగూనా సెకాలో శబ్దం కొలుస్తారు, హద్దు దాటితే నల్ల జెండా చూపించి లోపలికి పిలుస్తారు. ఫీజు కట్టి పార్కింగ్‌లో కూర్చోవడం నీకు ఇష్టమైతే సరే. టర్బో డబ్బుతో ఎన్ని ట్రాక్ రోజులొస్తాయో, పక్క సీట్లో ఎన్నిసార్లు శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకోవచ్చో లెక్క వేసుకో. పెద్ద బలమున్న కార్లు తిన్నని దారిలో నిన్ను దాటిపోతాయి. పోనీ, చెయ్యి చూపించి దారివ్వు. మలుపులో వాటి వెనకే నువ్వు తేలతావు, ఆ సరదా వేరు.

ట్రాక్‌కు వెళ్లిన రోజున చక్రాల నట్లు 80 పౌండ్-అడుగులకు టార్క్ రెంచ్‌తో బిగించు, ప్రతి సెషన్ తర్వాత మళ్లీ చూడు. డిప్‌స్టిక్ తీసి చూడు. చివరి రౌండు నెమ్మదిగా, బ్రేకులు తొక్కకుండా తిప్పి చల్లార్చుకుని రా. ఆపాక హ్యాండ్ బ్రేక్ వెయ్యకు, కాలిన ప్యాడ్లు డిస్క్‌ను పట్టేస్తాయి. గేరులో పెట్టి చక్రానికి అడ్డు పెట్టు.

మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి చెల్లించవు. పాలసీ కాగితం పూర్తిగా చదువు, ఆ ఒక్కరోజుకు విడిగా ఇచ్చే పాలసీ ధర కనుక్కో. మీ అమ్మకు ఈ ట్రాక్ సంగతి నువ్వే చెప్పాలి. అడిగితే నేను అబద్ధమాడను, అడగకపోతే నా అంతట నేను చెప్పను. బ్రేక్ ఆయిల్, హోసులు, ప్యాడ్లు ఈ వారమే తెప్పించు. వచ్చే శనివారం పొద్దున్నే టార్క్ రెంచ్, జాక్ స్టాండులతో వస్తాను. టిఫిన్ మీ అత్తయ్య కట్టిస్తానంది, నువ్వేమీ చెయ్యకు.