న్యాయపీఠంపై మరో కుర్చీ

మరణశిక్ష పడే నేరాన్ని విచారించాలంటే 23 మంది న్యాయనిర్ణేతలు కూర్చోవాలని యూదుల ప్రాచీన ధర్మశాస్త్రం మిష్నా చెబుతుంది. నిర్దోషి అని వదిలేయడానికి ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు. దోషి అనాలంటే మాత్రం కనీసం రెండు ఓట్లు ఎక్కువుండాలి. మరి 12 మంది దోషి అని, 11 మంది కాదని అంటే? అప్పుడు మరో ఇద్దరిని పిలిచి కూర్చోబెడతారు. అప్పటికీ తేలకపోతే ఇంకో ఇద్దరిని. అలా 71 మంది దాకా పెంచుకుంటూ పోవచ్చు.

ఆ ఇద్దరినీ పిలిచేది సందేహం తీరక. తమ మాట నెగ్గించుకోవడానికి కాదు. పీఠం మీద కుర్చీలు పెంచడం ధర్మమా కాదా అన్న ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది.

1937 ఫిబ్రవరి 5న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాంగ్రెస్ ముందు పెట్టిన ప్రతిపాదన సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడిచింది. 70 ఏళ్లు దాటినా దిగిపోని ప్రతి సుప్రీంకోర్టు జడ్జికీ తోడుగా ఒక కొత్త జడ్జిని వేస్తారు. అలా ఎక్కువలో ఎక్కువ ఆరుగురు. అప్పటికి ఆ వయసు దాటినవారూ సరిగ్గా ఆరుగురే. అంటే తొమ్మిది మంది కోర్టు ఒక్కసారిగా 15 మందికి చేరవచ్చు.

చట్టం ప్రకారం ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. జడ్జీలు ఎందరుండాలో అమెరికా రాజ్యాంగం చెప్పలేదు. 1789లో ఆరుగురు, 1863లో పది మంది, 1869లో తొమ్మిది మంది. కాంగ్రెస్ అవసరాన్ని బట్టి మారుస్తూనే వచ్చింది. మిగిలింది ధర్మసందేహమే: ఆశయం మంచిదైనప్పుడు, తీర్పు చెప్పేవాళ్లను మనకు కావలసినట్టు మార్చుకోవచ్చా?

ఆశయం మంచిదే, అందులో రెండో మాట లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో వెనాచీ అనే ఊళ్లో, ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పనిమనిషి ఎల్సీ పారిష్. వారానికి 48 గంటల పనికి 14 డాలర్ల 50 సెంట్లు ఇవ్వాలని రాష్ట్రం నిర్ణయిస్తే, హోటల్ అంతకన్నా తక్కువే ముట్టజెప్పింది. తనకు రావలసిన 216 డాలర్ల 19 సెంట్ల కోసం ఆమె కోర్టుకెక్కింది. అయితే 1936 జూన్‌లోనే న్యూయార్క్ మహిళల కనీస వేతన చట్టాన్ని సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసి ఉంది. యజమానికీ కూలికీ మధ్య బేరంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది ఆ జడ్జీల వాదన. పూట గడవని మనిషికి బేరమాడే స్వేచ్ఛ ఎక్కడిది? అదే ఏడాది నవంబరులో 48 రాష్ట్రాలకు 46 రాష్ట్రాలు రూజ్‌వెల్ట్‌కు పట్టం కట్టాయి. ఇంతమంది ప్రజలు కోరినదానికి ఐదుగురు అడ్డుపడుతున్నారన్న ఆయన కోపాన్ని తప్పుపట్టలేం.

తప్పు ఆయన చెప్పిన కారణంలో ఉంది. జడ్జీలు ముసలివాళ్లయ్యారు, పని వెనకబడుతోంది అన్నాడు. కురుక్షేత్రంలో ధర్మరాజు ద్రోణుడితో అన్న మాటలోనూ అబద్ధం లేదు. చచ్చిన ఏనుగు పేరు అశ్వత్థామే. అయినా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం ఆ క్షణాన నేలను తాకింది. రూజ్‌వెల్ట్ కారణం అంతకన్నా బలహీనమైనది. కోర్టులో అందరికన్నా పెద్దవాడు 80 ఏళ్ల బ్రాండైస్, ఆయనేమో కార్మిక చట్టాలకు అండగా నిలిచిన జడ్జి. పని ఎక్కడా ఆగలేదని ప్రధాన న్యాయమూర్తి హ్యూజ్ లెక్కలతో సహా ఉత్తరం రాశాడు. జడ్జీలు పెరిగితే వినేవాళ్లు, చర్చించేవాళ్లు, ఒప్పించాల్సినవాళ్లు పెరుగుతారే తప్ప పని వేగం పెరగదని అందులో తేల్చిచెప్పాడు. అంతకుముందే మార్చి 9న రేడియోలో రూజ్‌వెల్ట్ అసలు కారణం విప్పి చెప్పాడు గానీ, అప్పటికే ఆయన మాట మీద నమ్మకం సడలింది.

మన దగ్గరా సంఖ్య పెరిగింది. 1950లో ఎనిమిది మందికి చోటుతో మొదలైన భారత సుప్రీంకోర్టులో 2019 నుంచి 34 మందికి చోటుంది. ఇక్కడ కేసులను ఎక్కువగా ఇద్దరు, ముగ్గురు జడ్జీల బెంచీలు వింటాయి గనక కొత్త జడ్జి వస్తే పని పంచుకుంటాడు. అమెరికాలో అందరూ కలిసి కూర్చుంటారు గనక కొత్త కుర్చీ అంటే కొత్త ఓటు. తేడా అంతా అక్కడే. తెలుగువాడైన కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967లో 11 మంది బెంచి గోలక్‌నాథ్ కేసును 6-5తో తేల్చింది. దాన్ని తిరిగి చూడటానికి కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చున్నారు, 1973లో 7-6తో తీర్పు వచ్చింది. సందేహం పెద్దదైతే పీఠమూ పెద్దదవుతుంది. మిష్నా చెప్పినదానికి ఇది దగ్గర. అయితే ఆ తీర్పు వెలువడిన వెంటనే, ప్రభుత్వానికి నచ్చని పక్షాన నిలిచిన ముగ్గురు సీనియర్లను పక్కనబెట్టి మరొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. అనుకూలమైన తీర్పు కావాలనుకున్న పాలకుడికి కుర్చీ పెంచడం ఒక్కటే దారి కాదు.

1937 మార్చి 29న ఎల్సీ పారిష్ 5-4తో గెలిచింది. ఏడాది కిందట అటు ఓటేసిన ఓవెన్ రాబర్ట్స్ ఈసారి ఇటు వచ్చాడు. రూజ్‌వెల్ట్‌కు జడిసి మారాడన్నారు. కానీ జడ్జీల అంతరంగిక సమావేశంలో ఆయన ఓటు వేసింది డిసెంబరులో, ఆ ప్రతిపాదన బయటికి రాకముందే. జూలై 22న రూజ్‌వెల్ట్ సొంత పార్టీకే భారీ మెజారిటీ ఉన్న సెనేట్ ఆ బిల్లును 70-20తో వెనక్కి పంపేసింది. ఆ తర్వాత ఖాళీలు వాటంతటవే వచ్చాయి. 1941 కల్లా తొమ్మిది మందిలో ఏడుగురు ఆయన కొత్తగా వేసినవాళ్లే.

కూలి మనిషి పక్షాన నిలిచిన ఆ అధ్యక్షుడే 1942 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వుతో, జపాన్ సంతతికి చెందిన లక్షమందికి పైగా జనాన్ని ఇళ్లనుంచి వెళ్లగొట్టి శిబిరాల్లో పెట్టారు. 1944 డిసెంబరులో కోరెమాట్సు కేసులో ఆ వెళ్లగొట్టడాన్ని సుప్రీంకోర్టు 6-3తో సమర్థించింది. సమర్థించిన ఆరుగురిలో ఐదుగురు రూజ్‌వెల్ట్ కోర్టుకు తెచ్చినవాళ్లు, ఆరో ఆయన రూజ్‌వెల్ట్ ప్రధాన న్యాయమూర్తిని చేసిన స్టోన్. కాదన్న ముగ్గురిలో మర్ఫీ, జాక్సన్ కూడా ఆయన వేసినవాళ్లే. మూడో జడ్జి ఓవెన్ రాబర్ట్స్.