ఆటలో ధర్మం, ఆటగాడి ధర్మం

ఆట అనేది మనిషి కోరి తెచ్చుకున్న కష్టం. ఒక బంతిని రెండు స్తంభాల మధ్యకు చేర్చడమే ప్రయోజనమైతే, దానిని చేత్తో పట్టుకుని పరుగెత్తడం కంటే సులువైన మార్గం మరొకటి లేదు. ఆ సులువైన మార్గాన్ని నిషేధించినందువల్లనే ఫుట్‌బాల్ పుట్టింది. తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో వెలువరించిన 'ది గ్రాస్‌హాపర్' గ్రంథంలో ఆటకు ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇదే. అవసరం లేని అడ్డంకులను మనమే కల్పించుకుని, వాటిని ఇష్టపూర్వకంగా దాటడానికి చేసే ప్రయత్నమే ఆట అని ఆయన అభిప్రాయం.

ఈ నిర్వచనంలోనే ఒక నీతిసూత్రం ఇమిడి ఉంది. అడ్డంకిని దాటకుండా పక్కనుంచి తప్పుకుని పోయినవాడు గెలిచినట్లు కాదు. అతడు అసలు ఆ ఆటే ఆడలేదు. తర్కం ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఆటగాళ్లు చేత్తో గోలు చేశారు, దెబ్బ తగలకుండానే నేలపై పొర్లారు, ప్రత్యర్థిని నోటితోనూ తలతోనూ పొడిచారు, చివరకు పళ్లతో కొరికారు కూడా. లోకం వారిలో కొందరిని నిందించింది, కొందరిని నెత్తిన పెట్టుకుంది. ఆట జీవనోపాధి అయినవాడి నుంచి మనం ఎంతటి మర్యాదను ఆశించవచ్చు? మైదానంలో జరిగే తప్పులన్నీ ఒకే తరహావా? ఈ ప్రశ్నలు ఫుట్‌బాల్‌కు మాత్రమే పరిమితమైనవి కావు. నియమాల నీడలో బతికే ప్రతి వ్యవస్థకూ ఇవి వర్తిస్తాయి.

తప్పుకు వెల కట్టినప్పుడు

ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 1885లో వేతనం తీసుకుని ఆడడాన్ని అనుమతించింది. ఆరేళ్ల తరువాత, 1891లో, పెనాల్టీ కిక్ నియమావళిలోకి వచ్చింది. దానిని ప్రతిపాదించినవాడు ఐర్లండుకు చెందిన విలియం మెక్‌క్రమ్. ఆయన స్వయంగా గోల్ కీపర్. ఆనాటి కులీన క్రీడాకారులు ఈ నియమాన్ని తీవ్రంగా ఆక్షేపించారు. పెద్దమనిషి అన్నవాడు కావాలని తప్పు చేస్తాడని ఊహించడమే అవమానమని వారి వాదన. 1882లో స్థాపితమైన కొరింథియన్ క్లబ్బు ఆటగాళ్లు తమకు లభించిన పెనాల్టీని బుద్ధిపూర్వకంగా పక్కకు తన్నేవారని నేటికీ చెప్పుకుంటారు.

మానవ స్వభావం విషయంలో మెక్‌క్రమ్ అంచనాయే సరైనదని చరిత్ర తేల్చింది. అయితే ఓడిపోయిన వాదనలోనూ ఒక సత్యం ఉంది. తప్పుకు నిర్ణీతమైన వెల కట్టిన మరుక్షణం, ఆ వెల చెల్లించి తప్పు చేయవచ్చునా అనే లెక్క మొదలవుతుంది. పరిపాలనలో ఉన్నవారికి ఈ సంగతి అనుభవమే. రుసుము వేరు, జరిమానా వేరు. రుసుము అనుమతికి చెల్లించే మూల్యం. జరిమానా అపరాధానికి పడిన మచ్చ. రెండూ రూపాయల్లోనే చెల్లుతాయి కనుక, స్తోమత గలవాడు జరిమానాను కూడా రుసుముగా భావించడం మొదలుపెడతాడు.

2010 జులై 2న జోహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ ఈ చిక్కును కళ్లకు కట్టింది. ఉరుగ్వే, ఘనా చెరొక గోలుతో సమానంగా ఉన్నాయి. అదనపు సమయం ముగియబోతున్న క్షణంలో ఘనా ఆటగాడు తలతో కొట్టిన బంతి గోలులోకి దూసుకుపోతుండగా, లూయిస్ సువారెజ్ దానిని చేతులతో అడ్డగించాడు. రెఫరీ ఎర్ర కార్డు చూపాడు, పెనాల్టీ ఇచ్చాడు. అసమోవా గ్యాన్ తన్నిన బంతి అడ్డుకొయ్యకు తగిలి పైకి ఎగిరిపోయింది. మైదానం వెలుపలికి నడుస్తున్న సువారెజ్ అది చూసి ఆనందంతో గంతులు వేశాడు. చివరకు పెనాల్టీల పోటీలో ఉరుగ్వే 4-2తో గెలిచింది. ఆఫ్రికా ఖండం నుంచి ఒక జట్టు తొలిసారిగా సెమీ ఫైనల్ చేరవలసిన గడియ అలా చేజారిపోయింది.

సువారెజ్ ఎవరినీ మోసగించలేదు. అతని చేతులను లోకమంతా చూసింది. నియమం చెప్పిన శిక్షను అతడు అనుభవించాడు. కనుక లెక్క సరిపోయిందని కొందరంటారు. కాని శిక్ష అనుభవించడం ఒకటి, దానిని బేరంగా చూడడం మరొకటి. శిక్షకు తలవంచినవాడు నియమాన్ని అంగీకరిస్తాడు. శిక్షను పెట్టుబడిగా లెక్కవేసినవాడు నియమాన్ని సరుకుగా మారుస్తాడు. అతనిని అబద్ధీకుడనడం న్యాయం కాదు. ఆ గంతులు మాత్రం, తన తప్పు తనకు తప్పుగా కనిపించలేదని చెప్పకనే చెప్పాయి.

కన్నుగప్పిన గెలుపు

రెండవ తరహా తప్పు ఇంతకంటే లోతైనది. 1986 జూన్ 22న మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో ఇంగ్లండుపై డీగో మారడోనా ఎడమచేతితో బంతిని గోలులోకి నెట్టాడు. రెఫరీ అది తల అనుకున్నాడు. నాలుగు నిమిషాల తరువాత అదే మారడోనా ప్రత్యర్థులను ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయి, ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యుత్తమమని పలువురు కొనియాడిన గోలు సాధించాడు. అంతటి ప్రతిభావంతుడికి ఆ చేతి అవసరం లేదు. అయినా దానిని చాచాడు. నాలుగేళ్ల ముందు, 1982లో, ఫాక్‌లాండ్ దీవుల కోసం జరిగిన యుద్ధంలో ఓడిన అర్జెంటీనా ప్రజలకు ఆ మోసం ప్రతీకారంగా, తీయగా తోచింది. గాయపడిన జాతి తన వీరుడి దొంగతనాన్ని లీలగా కీర్తించడం కొత్త కాదు. అంతమాత్రాన దొంగతనం దానం కాజాలదు.

2009 నవంబరు 18న పారిస్ సమీపంలో ఫ్రాన్స్ ఆటగాడు తియరీ ఆన్రీ చేత్తో బంతిని అదుపు చేసి సహచరుడికి అందించాడు. ఆ గోలు వల్ల ఐర్లండు ప్రపంచ కప్‌కు దూరమైంది. ఆట ముగిసిన తరువాత ఆన్రీ నిజం ఒప్పుకున్నాడు. అయితే తాను రెఫరీని కానని కూడా అన్నాడు. నిజానికి మన చర్చ అంతా ఈ ఒక్క సమాధానం చుట్టూనే తిరుగుతుంది. మధ్యవర్తిని నియమించుకున్నంత మాత్రాన మన అంతరాత్మను కూడా అతనికి అప్పగించినట్లేనా?

కాదని ఆచరణలో నిరూపించినవారు ఉన్నారు. 1997 మార్చిలో ఆర్సెనల్ గోల్ కీపర్ వల్ల కింద పడిన లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్, తనకు అనుకూలంగా పెనాల్టీ ప్రకటించిన రెఫరీతో అది తప్పు కాదని చెప్పాడు. 2012 సెప్టెంబరులో నేపోలీతో ఆడుతూ లాజియో తరఫున మిరస్లావ్ క్లోజె గోలు చేసి, బంతి తన చేతికి తగిలిందని తానే రెఫరీకి విన్నవించి ఆ గోలును రద్దు చేయించుకున్నాడు. నియమావళి వారిని నిజం చెప్పమని ఆదేశించలేదు. నియమావళి మౌనంగా ఉన్నచోటనే నీతి మాట్లాడవలసి ఉంటుంది.

2018 ప్రపంచ కప్ నుంచి వీడియో సహాయంతో తీర్పులను సరిచూసే పద్ధతి వచ్చింది. మారడోనా చేయి గాని, ఆన్రీ చేయి గాని ఈ యంత్రాల కంటి నుంచి తప్పించుకోవడం కష్టం. ఇది మేలే. కాని యంత్రం తప్పును పట్టుకుంటుందే గాని మనిషిని సత్యవాదిని చేయదు. పట్టుబడతానన్న భయం సత్యసంధత అనిపించుకోదు.

డచ్చి పండితుడు యోహాన్ హుయిజింగా 1938 నాటి 'హోమో లుడెన్స్' గ్రంథంలో ఒక సూక్ష్మమైన భేదాన్ని గుర్తించాడు. మోసగాడు ఆటను గౌరవిస్తున్నట్లు నటిస్తాడు; ఆటను చెడగొట్టేవాడు ఆ నటన కూడా మాని, ఆట అనే లోకాన్నే కూలదోస్తాడు. అందుకే సమాజం మోసగాడిని క్షమించినంత సులభంగా ఆట చెడగొట్టేవాడిని క్షమించదు. 2023 మార్చి 3న బెంగుళూరులో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ పోటీలో ఈ భేదం మన గడ్డ మీదనే రుజువైంది. అదనపు సమయంలో సునీల్ ఛెత్రి ప్రత్యర్థులు సర్దుకునే లోపే ఫ్రీ కిక్ తీసి గోలు చేశాడు. కేరళ బ్లాస్టర్స్ జట్టు నిరసించి మైదానం విడిచిపోయింది. త్వరగా కిక్ తీయడాన్ని నియమం అనుమతిస్తుంది. అది ఉదారమైన పద్ధతేనా అన్నది చర్చించదగినదే. అయితే ఆ చర్చకు తావు ఆట ముగిసిన తరువాతనే. ఆట మధ్యలో వెళ్లిపోయినందుకు బ్లాస్టర్స్‌కు 4 కోట్ల రూపాయల జరిమానా, శిక్షకుడికి 10 పోటీల నిషేధం పడ్డాయి.

తొడపై దెబ్బ, తలపై పాదం

మూడవ తరహా తప్పు దూషణ. దీనిని అర్థం చేసుకోవడానికి మనం పరదేశాలకు పోనవసరం లేదు. కురుక్షేత్ర సంగ్రామానికి ముందు ఉభయపక్షాలూ కలిసి యుద్ధనియమాలు ఏర్పరచుకున్నట్లు మహాభారతం చెబుతుంది. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదు. భీముడు దుర్యోధనుడి తొడలు విరగగొట్టాడు. బలరాముడు ఆగ్రహించి భీముడి మీదకు రాగా, ప్రతిజ్ఞను, పూర్వాపరాలను చెప్పి శ్రీకృష్ణుడు అతనిని శాంతింపజేశాడు. ఆ దెబ్బ ధర్మమా, అధర్మమా అనే వాదం నేటికీ సాగుతూనే ఉంది. కాని పడిపోయిన దుర్యోధనుడి తలను భీముడు కాలితో తన్నినప్పుడు వాదానికే తావు లేకపోయింది. సాక్షాత్తూ ధర్మరాజే తమ్ముణ్ణి వారించాడు. నియమభంగానికి సమర్థన దొరికింది, పరాభవానికి దొరకలేదు. వ్యాసుడు చూపిన ఈ తారతమ్యం మన క్రీడాసంఘాల నియమావళులకంటే నిశితమైనది.

నియమం తప్పడం ఆటపై చేసే అపరాధం. దూషణ మనిషిపై చేసే అపరాధం. పెనాల్టీతో మొదటిది కొంతవరకైనా సరిదిద్దబడుతుంది. రెండవదానికి ఏ కిక్కూ ప్రాయశ్చిత్తం కాదు. 2006 జులై 9న బెర్లిన్‌లో ప్రపంచ కప్ ఫైనల్‌లో మార్కో మాతెరాజ్జీ తన సోదరిని ఉద్దేశించి అన్న మాటలకు రెచ్చిపోయి జినెదిన్ జిదాన్ అతని రొమ్మును తలతో పొడిచాడు. అది అతని జీవితంలో చివరి పోటీ. ఎర్ర కార్డుతో అతడు కప్పు పక్కనుంచే నడిచి వెళ్లిన దృశ్యం లోకానికి గుర్తుండిపోయింది. తలతో పొడిచినవాడు ప్రపంచానికంతటికీ కనిపించాడు, మాటతో పొడిచినవాడు కనిపించలేదు. అనంతర విచారణలో జిదాన్‌కు మూడు పోటీల నిషేధం విధించినవారు మాతెరాజ్జీకి కూడా రెండు పోటీల నిషేధం విధించారు. మాట కూడా చేతే అని అంగీకరించిన తీర్పు అది.

2011 అక్టోబరులో పాట్రిస్ ఎవ్రాను వర్ణదూషణ చేసినందుకు అదే సువారెజ్‌కు ఎనిమిది పోటీల నిషేధం, 40,000 పౌన్ల జరిమానా పడ్డాయి. తమ దేశంలో ఆ పదం సాధారణ సంబోధనేనని అతడు వాదించాడు. అయితే మాట అర్థాన్ని అన్నవాడు ఒక్కడే నిర్ణయించలేడు. పడ్డవాడి చెవికి కూడా అందులో భాగం ఉంది. మైదానంలో అన్నవి మైదానంలోనే వదిలిపెట్టాలనే మాట తరచుగా వింటాం. ఆ సలహా ఎప్పుడూ అన్నవాడి నోటి నుంచే వస్తుంది.

దూషణలో ఎక్కువ భాగం రెఫరీకే దక్కుతుంది. పేరుమోసిన ఆటగాడు టెలివిజన్ ముందు రెఫరీని చుట్టుముట్టి అరిస్తే, మరునాడు వీధిలోని పిల్లవాడు అదే చేస్తాడు. ఇంగ్లండులో 2019-20 నుంచి దిగువస్థాయి పోటీలలో రెఫరీని ధిక్కరించినవారిని పది నిమిషాలపాటు మైదానం వెలుపల కూర్చోబెడుతున్నారు. 2024 యూరో పోటీలలో జట్టు నాయకుడు మాత్రమే రెఫరీతో మాట్లాడాలన్న కట్టడి అమలైంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న మన సామెతకు ఇవి నియమరూపాలు.

ధనమే మూలమా?

ఈ దోషాలన్నింటికీ డబ్బే కారణమనడం పరిపాటి. ధనం పందాన్ని పెంచిన మాట నిజం. కాని 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పోటీ జరిగిన నాటికి మన ఆటగాళ్ల చేతుల్లో కోట్లు లేవు. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ల మధ్య రేగిన ఘర్షణ ప్రేక్షకుల్లోకి పాకి, ఆ తొక్కిసలాటలో 16 మంది అభిమానులు మరణించారు. ఆటగాడి ఆవేశం అతనితోనే ఆగిపోదనడానికి ఇంతకంటే విషాదకరమైన నిదర్శనం లేదు. మరోవైపు, 2019 ఏప్రిల్‌లో పై శ్రేణికి చేరే అవకాశం కోసం పోరాడుతున్న లీడ్స్ జట్టు, ప్రత్యర్థి గాయపడి ఉండగా గోలు చేసింది. శిక్షకుడు మార్సెలో బియెల్సా వెంటనే ఆస్టన్ విల్లాను అడ్డు లేకుండా గోలు చేయనివ్వమని తన వారిని ఆదేశించాడు. అక్కడ పందెం డబ్బుతో ముడిపడినదే; అయినా మనిషి గెలిచాడు. ధనం పరీక్షను కఠినం చేస్తుంది, జవాబును అది రాయదు.

ఇటలీకి చెందిన పాలో డి కానియో 1998లో తనను బయటకు పంపిన రెఫరీని రెండు చేతులతో నెట్టి, 11 పోటీల నిషేధానికి గురయ్యాడు. 2000 డిసెంబరులో ఎవర్టన్ గోల్ కీపర్ గాయపడి నేలపై ఉండగా, గోలు చేయగల బంతిని అతడే రెండు చేతులతో పట్టుకుని ఆటను ఆపాడు. పోటీ సమానంగా ముగిసింది. ఆ చర్యకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2001లో క్రీడానీతి పురస్కారం ఇచ్చింది. అవే చేతులు, ఒకే మనిషి. క్రీడాస్ఫూర్తి పుట్టుకతో వచ్చే గుణం కాదని, ప్రతిసారీ కొత్తగా చేయవలసిన నిర్ణయమని ఇంతకంటే చక్కగా చెప్పలేం.

కనుక ఆటగాళ్లను దేవతలుగా కొలవడం గాని, దుష్టులుగా తిట్టడం గాని సమస్యను తీర్చవు. మనం ఏ గెలుపుకు చప్పట్లు కొడుతున్నామో చూసుకోవలసి ఉంది. ప్రత్యర్థి లేనిదే ఆట లేదు. అతడు తన పూర్తి శక్తితో, పూర్తి గౌరవంతో ఎదుట నిలిచినప్పుడే మన గెలుపుకు విలువ వస్తుంది. అతనిని మోసగించినా, అవమానించినా, మనం తగ్గించుకునేది మన గెలుపునే.